పొడపత్రి ఆకుతో వెండి నానోనా, జింక్ ఆక్సైడ్ నానోనా?

నెల్లూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టుల టైమ్ వస్తే, షుగర్ మీద పనిచేసే పిల్లలు అడిగేది ఇదే: ఆకు కషాయంతో ఏ నానో కణాలు (కంటికి కనబడనంత సన్నటి రేణువులు) చేయాలి? ఆకు విషయంలో పేచీ లేదు. పొడపత్రి నమిలి చిటికెడు పంచదార నోట్లో వేసుకోండి, ఇసుకలా ఉంటుంది.

ఖర్చు: సిల్వర్ నైట్రేట్ గ్రాముల్లో కొన్నా జేబుకు చిల్లే. జింక్ నైట్రేట్ చవక.

శ్రమ: వెండికి 1 మిల్లీమోలార్ (చాలా పలుచని) సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఆకు కషాయం పోస్తే చాలు, లేత పసుపు మెల్లగా కాఫీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. జింక్‌లో ఆ ముచ్చట లేదు. తెల్లటి ముద్దను కడిగి, ఆరబెట్టి, ఫర్నేస్‌లో 400 డిగ్రీల దగ్గర కాల్చాలి.

రిస్క్: వెండికి అసలు గొడవ నీళ్లతోనే. మన బోరు నీళ్లలోని ఉప్పు తగిలితే సిల్వర్ క్లోరైడ్ ఏర్పడి పాలలా తెల్లబడుతుంది. బీకరును బోరు నీళ్లతో కడిగి నేనొక పూట పని పోగొట్టుకున్నాను. డిస్టిల్డ్ వాటరే వాడండి. ద్రావణం వేళ్లకంటితే నల్లమచ్చలు రోజుల తరబడి పోవు.

షుగర్‌తో సంబంధం: ఇక్కడ జింక్‌దే పైచేయి. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను దాచుకునేది జింక్‌తో కలిపే. వెండికి ఒంట్లో అలాంటి పనేమీ లేదు. ఆల్ఫా అమైలేజ్ (పిండి పదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే ఎంజైమ్) పరీక్షలో రెండింటినీ అకార్బోస్ అనే షుగర్ మందుతో పోల్చవచ్చు. అయితే అదంతా గాజు గొట్టంలో మాట, ఇంట్లో షుగరున్న మామయ్యకు తాగించేది కాదు.

ఫర్నేస్ దొరికి, నెల పైన టైముంటే జింక్. రెండు వారాల్లో ఏదో ఒకటి చూపించాలంటే వెండి. యూవీ మెషిన్‌లో (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచేది) 420 నానోమీటర్ల దగ్గర వెండి నానో శిఖరం కనబడితే గైడ్ ముందు టెన్షన్ లేకుండా నిలబడొచ్చు.