గ్రూప్ ఎక్సర్‌సైజ్: ముందు మాట్లాడాలా, చివర్లో సమ్మరీ చెప్పాలా?

మైత్రీవనం వెనక టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, ఉద్యోగాల వేటలో ఉన్న తమ్ముళ్లు ఇదే అడుగుతారు: "అన్నా, ముందు మాట్లాడితే మార్కులా, సమ్మరీ చెబితేనా?" గ్రూప్ ఎక్సర్‌సైజ్ అంటే, ఉద్యోగానికి వచ్చిన కొందరిని కలిపి కూర్చోబెట్టి ఒక పని ఇస్తారు; వాళ్లు మాట్లాడుకుని ఎలా తేలుస్తారో పరిశీలకులు చూసి మార్కులేస్తారు.

అందరూ ముఖాలు చూసుకుంటున్నప్పుడు నోరు విప్పినవాడు గుర్తుంటాడు, నిజమే. "ఇరవై నిమిషాలున్నాయి, దేన్ని బట్టి ఎంచాలో ముందు అనుకుందాం" అంటే అది పనికొచ్చే ఆరంభం. కోచింగ్‌లో బట్టీపట్టిన "గుడ్ మార్నింగ్ ఫ్రెండ్స్" అయితే, ఎదురుగా కూర్చున్న పరిశీలకుడు అది ఆ రోజు ఎన్నోసారి వింటున్నాడో.

సమ్మరీ సేఫ్ అనిపిస్తుంది. చిక్కేంటంటే, దానికోసమే ఇంకో ఇద్దరు కాచుకుని ఉంటారు. ఆఖరి నిమిషంలో ముగ్గురూ ఒకేసారి "సో, టు కంక్లూడ్" అంటారు. టైమ్ చూడటం, బోర్డు మీద రాయడం అంటారా, చేయండి. దాంతోనే గట్టెక్కలేరు.

నా ఓటు మధ్యలో పడే మాటకి. అవతలివాళ్ల మాటను పట్టుకుని ముందుకు జరిపే మాట. ఎందుకంటే, సరిగ్గా నడిపే చోట పరిశీలకులు ఎవరేమన్నారో, ఏం చేశారో ముందు కాగితం మీద రాసుకుంటారు. మార్కులు ఆ తర్వాతే. "చలాకీగా ఉన్నాడు" అన్నది అక్కడ చెల్లదు. 1942లో బ్రిటిష్ సైన్యం అధికారుల ఎంపికకి పెట్టిన బోర్డుల్లోనూ నాయకుణ్ణి చెప్పకుండా గుంపుకి పని అప్పగించేవారు. పోటీలో ఉంటూనే పక్కవాళ్లతో ఎలా కలిసి నడుస్తాడన్నది చూడటానికే.

మాదాపూర్‌లో ఓ కంపెనీలో నాకు చంద్రుడి ఎక్సర్‌సైజ్ పడింది. అంతరిక్ష నౌక అక్కడ దిగిపోయింది, చేతిలో 15 వస్తువులున్నాయి, ఏది ముఖ్యమో వరసగా పేర్చాలి. నేనే మొదలుపెట్టాను, దంచేశాను. రాత్రి చలి ఉంటుంది కాబట్టి అగ్గిపెట్టెను పైన పెట్టించాను కూడా. అప్పటిదాకా మూడు మాటలైనా మాట్లాడని ఓ అమ్మాయి, "చలి గురించి మీరన్నది కరెక్టే. కానీ అక్కడ గాలి లేదు కదండీ, పుల్ల ఎలా వెలుగుతుంది?" అంది. అగ్గిపెట్టె అడుక్కి, ఆక్సిజన్ పైకి పోయాయి. వెనక పెన్ను కదిలిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ అమ్మాయి తర్వాతి రౌండ్‌కి వెళ్లింది. నేను రాయదుర్గంలో మెట్రో ఎక్కేలోపే "సారీ" మెయిల్ వచ్చేసింది.

ఒక్క మినహాయింపు. ఆలస్యమైనకొద్దీ టెన్షన్‌తో గొంతు పెగలని రకమైతే, మొదటి రెండు నిమిషాల్లోనే చిన్న మాటేదైనా అనేసి, ఆ తర్వాత వినడం మొదలుపెట్టండి.