డ్యాక్‌కి ఏ కనెక్షన్ మేలు: యూఎస్‌బీయా, ఆప్టికలా, కోయాక్సియలా?

డ్యాక్ అంటే టీవీ, కంప్యూటర్, ఫోన్ ఇచ్చే డిజిటల్ శబ్దాన్ని యాంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె. దాన్ని కొనాలనుకోగానే చాలామంది లోపలి చిప్ ఎవరిదని అడుగుతారు, ఈఎస్ఎస్ వాళ్లదా, ఏకేఎం వాళ్లదా అని. అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. పాట ఎందులోంచి వస్తోంది, టీవీలోంచా, కంప్యూటర్‌లోంచా, ఫోన్‌లోంచా అన్నది మొదటిది. ఇంట్లో ఎర్తు సరిగ్గా ఉందా అన్నది రెండోది. అమలాపురం, నరసాపురం వైపు పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉన్నా వెనక ఎర్తు వైరు లేనివి ఇంకా చాలానే ఉన్నాయి. ఈ రెండిటికీ జవాబు దొరికితే ఏ ఇన్‌పుట్ కావాలో దానంతటదే తేలిపోతుంది.

కంప్యూటర్‌లో పాటలు వినేవాళ్లకి యూఎస్‌బీయే మేలు. ఇప్పుడొచ్చే డ్యాక్‌లు దాదాపు అన్నీ అసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి. అంటే డేటా ఎప్పుడెంత కావాలో డ్యాకే తన సొంత క్లాక్ (లోపలి టైమింగ్) ప్రకారం కంప్యూటర్‌ని అడిగి తెచ్చుకుంటుంది. ఆప్టికల్ (వెలుతురు కేబుల్), కోయాక్సియల్ (రాగి వైరు)లో అలా కాదు, వచ్చే సిగ్నల్‌లోంచే క్లాక్‌ని కూడా రాబట్టుకోవాలి. విండోస్‌లో పాత చికాకు ఒకటుండేది: శాంపిల్ రేటు, అంటే సెకనుకి పంపే శబ్దపు నమూనాల లెక్క, 96 కిలోహెర్ట్జ్ (96 వేలు) దాటితే తయారీదారు ఇచ్చిన డ్రైవర్ వేసుకోవాల్సి వచ్చేది. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఆ అవసరం చాలావరకు తప్పింది.

యూఎస్‌బీతో వచ్చే తంటా అంతా కరెంటుతోనే. ఆ కేబుల్లో డేటాతో పాటు 5 వోల్టులూ గ్రౌండూ కూడా వస్తాయి. కంప్యూటర్‌కి ఒక చోట ఎర్తు, అదే యాంప్లిఫయర్‌కి తగిలించిన సెట్‌టాప్ బాక్సుకి వీధిలోంచి వచ్చే కేబుల్ వైరు ద్వారా ఇంకో చోట ఎర్తు. రెండిటికీ మధ్య వోల్టేజీ తేడా ఉంటే స్పీకర్లో హమ్మింగ్ మొదలవుతుంది, దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటుంటే అదీ ఈ దారినే వస్తోందని అనుమానించాలి.

కనిపెట్టడం తేలిక. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగితే దారి ఛార్జరే. ఆగకపోతే సెట్‌టాప్ బాక్సు వెనక స్క్రూ పిన్ను విప్పి చూడండి. అప్పుడు ఆగితే గ్రౌండ్ లూప్ దొరికినట్టే. ఎర్తు లేని ఇంట్లో ల్యాప్‌టాప్ ఒంటి మీద చెయ్యి వేస్తే జుమ్మంటుంది చూశారా, ఆ లీకేజీయే ఇక్కడ చెవికి వినిపించేది. ఎలక్ట్రీషియన్ చేత ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టించి చూస్తే నిండుగా వెలగాలి. మిణుకుమంటే ఎర్తు లేనట్టే. గల్ఫ్ నుంచి తెచ్చిన పరికరాలకి వాడే కన్వర్టర్ పిన్నుల్లో చాలావాటికి ఎర్తు కలవదు, అదీ చూసుకోండి. హమ్మింగ్ పోవడానికి ఎర్తు పిన్ను పీకేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మోత పోవచ్చు, కానీ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున యాంప్లిఫయర్ డబ్బా మీదికే కరెంటొస్తుంది.

టీవీకైతే ఇంకో ఆలోచన అక్కర్లేదు, ఆప్టికలే. 1983లో తోషిబా తెచ్చిన టాస్‌లింక్ ఇది. కేబుల్లో వెళ్లేది వెలుతురు కాబట్టి రెండు పెట్టెలకీ మధ్య కరెంటు సంబంధమే ఉండదు, ఆ దారిన గ్రౌండ్ లూప్ రాదు. పిడుగుల కాలంలో కేబుల్ వైరు వెంట టీవీకి దెబ్బ తగిలినా ఈ కేబుల్ గుండా డ్యాక్‌కి చేరదు. మెయిన్స్ వైపు నుంచి వచ్చేదాన్ని మాత్రం ఇది ఆపలేదు, ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకాల్సిందే.

కొత్తగా పెట్టినవాళ్లు తరచు పడే ఇబ్బంది ఒకటి: కేబుల్ వెలుగుతోంది, శబ్దం లేదు. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ ‘ఆటో’లోనో ‘బిట్‌స్ట్రీమ్’లోనో ఉంటే డాల్బీ సిగ్నల్ వెళ్తుంది. మామూలు డ్యాక్‌కి అది అర్థం కాదు. ‘పీసీఎం’ అని మార్చండి. తర్వాత వచ్చే ఫిర్యాదు, టీవీ రిమోట్‌తో వాల్యూమ్ మారడం లేదని. ఆప్టికల్‌లో చాలా టీవీలు స్థిరమైన స్థాయే పంపుతాయి. కాబట్టి రిమోటున్న డ్యాక్‌నో, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్లోనే బయటికి పంపే దారి) ఉన్నదాన్నో తీసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లకి సుఖం.

గోడకి బిగించిన టీవీ వెనక ఆప్టికల్ కేబుల్‌ని నొక్కి మడవకండి, ఇంచికన్నా బిగువైన వంపు ఉంటే వెలుతురు కారిపోతుంది. 5 మీటర్ల లోపు కేబుల్ చాలు. సాకెట్టు మూత తీసి ఉంచితే దుమ్ము పడుతుంది. తక్కువ ధర డ్యాక్ పెట్టెలకి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తుంటారు. అలా చేస్తే తప్పించుకున్న గ్రౌండ్‌ని చేతులారా మళ్లీ కలిపినట్టే. విడిగా 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ వాడండి.

కోయాక్సియల్ పాత డీవీడీ, సీడీ ప్లేయర్లున్నవాళ్లకి. ఆప్టికల్‌కి 96 కిలోహెర్ట్జ్ దాకానే ధీమా, ఇది సాధారణంగా 192 దాకా వెళ్తుంది. ప్రత్యేకంగా కేబుల్ కొనక్కర్లేదు: డీవీడీతో వచ్చిన పసుపు పిన్ను వీడియో వైరు 75 ఓములదే, సరిగ్గా కావాల్సిందది. పొడుగు కావాలంటే కేబుల్ టీవీ ఆర్‌జీ6 వైరుకి ఆర్‌సీఏ పిన్ను (ఆ పసుపు వైరుకి ఉండే రకం) వేయించుకోవచ్చు, అదీ 75 ఓములే. ఎరుపు, తెలుపు ఆడియో వైరు కూడా తరచు పనిచేసేస్తుంది, కానీ మధ్య మధ్యలో టప్ టప్ అని తెగితే అనుమానించాల్సింది దాన్నే. గ్రౌండ్ కలిసేది ఇక్కడా ఉంది.

బ్లూటూత్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోన్ పాటలకి హాయి, సినిమాకి పెదవుల కదలికకీ మాటకీ చాలాసార్లు పొంతన కుదరదు.

సముద్రపు గాలి తగిలే కాకినాడ, అంతర్వేది వైపు ఇళ్లలో ఆర్‌సీఏ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఒక పక్క స్పీకర్ వచ్చీ రాకుండా ఉంటుంది. డ్యాక్ పాడైందనుకోకుండా ముందు పిన్ను తిప్పి చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. కరెంటు పోయినప్పుడు మాత్రమే మోత వస్తుంటే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతోంది, డ్యాక్‌ని మార్చి లాభం లేదు.

ఇక చిప్ సంగతి. సీడీ నాణ్యత 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. సీలింగ్ ఫ్యాను తిరిగే హాల్లో 384 కిలోహెర్ట్జ్ అని పెట్టె మీద ఉన్న అంకెకి అదనంగా డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బు యూఎస్‌బీ, ఆప్టికల్ రెండూ ఉండి, అవుట్‌పుట్ వాల్యూమ్ తగ్గించుకోగల మోడల్‌కి పెట్టండి. డ్యాక్ సాధారణంగా 2 వోల్టులిస్తుంది. ఊళ్లో అసెంబుల్ చేయించిన యాంప్లిఫయర్లలో కొన్నిటి ఆక్స్ ఇన్‌పుట్‌కి అది ఎక్కువై శబ్దం చీలుతుంది. అలాంటప్పుడు డ్యాక్ వాల్యూమ్ సగానికి దించి, యాంప్లిఫయర్ నాబ్ పెంచుకోవాలి.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు అడాప్టర్ వెనక 100–240 వోల్టులని ఉందో లేదో చూడండి. 120 అని మాత్రమే ఉంటే మన సాకెట్లో పెట్టొద్దు. పాత అడాప్టర్ మీద అవుట్‌పుట్ ఎన్ని వోల్టుల డీసీ అని ఉందో అంతే ఇచ్చేదాన్ని ఇక్కడే కొనండి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువో ఉండాలి, పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది పాతదాని మీద బొమ్మ చూసి సరిపోల్చుకోండి.