జవాబుదారీతనం గురించి చదవాలంటే ఈ పత్రిక

ఆడిట్ పనిలో ఉన్నవాళ్లకు పరిశోధన పత్రికలు చదివే తీరిక తక్కువ. నేను మాత్రం ‘అకౌంటింగ్, ఆర్గనైజేషన్స్ అండ్ సొసైటీ’ని వదలను. ఆంథొనీ హాప్‌వుడ్ 1976లో మొదలుపెట్టిన పత్రిక ఇది. జవాబుదారీతనం మీద ఇందులో వచ్చిన నాలుగు వ్యాసాలు చదివినా చాలు, రిపోర్టు పంపేస్తే లెక్క చెప్పేసినట్టే అన్న నమ్మకం సడలిపోతుంది.

మొదట రాబర్ట్స్, స్కేపెన్స్ 1985లో రాసింది చదవండి. చేసిన పనికి కారణాలు అడగడం, చెప్పడం, విశాలార్థంలో జవాబుదారీతనమంటే ఇదేనంటారు వాళ్లు. ఎదురెదురుగా ఉంటే ఇది మాటల్లో జరుగుతుంది, దూరం పెరిగితే అంకెల మీద ఆధారపడుతుంది. నా పనిలో రోజూ కనిపించేదే ఇది. బడ్జెట్ దాటిన ఖర్చు పక్కన ‘కారణం’ గడిలో ‘ధరలు పెరిగాయి’ అని ఉంటుంది. రాసిన మనిషిని కూర్చోబెట్టి అడిగితే పాత సప్లయర్ మానేశాడని, కొత్తవాడు అడ్వాన్సు లేనిదే కదలనన్నాడని, సరుకు ఆగితే పనే ఆగిపోతుందని ఒప్పుకోవాల్సి వచ్చిందని చెబుతాడు. పై ఆఫీసుకు చేరేది మాత్రం ఆ రెండు ముక్కలే.

రాబర్ట్స్ 1991 వ్యాసం దీనికి కొనసాగింపులా ఉంటుంది. పైవాళ్లకు మాత్రమే లెక్క చెప్పుకునే చోట మనిషి ఎలా ఒంటరివాడవుతాడో, తోటివాళ్లతో ముఖాముఖి మాట్లాడే చోట ఏం మారుతుందో చూపిస్తాడు. సింక్లెయిర్ 1995లో ఆస్ట్రేలియా ప్రభుత్వ రంగ సంస్థల అధిపతులతో మాట్లాడి ఐదు రకాల జవాబుదారీతనాన్ని గుర్తించింది. వాటిలో ‘వ్యక్తిగతం’ అన్నది ఏ ఆడిట్ ఫారంలోనూ నాకు కనబడలేదు.

నాకు బాగా నచ్చింది 2009లో మెస్నర్ రాసింది. జవాబుదారీతనం ఎంత పెరిగితే అంత మంచిదన్న మాటనే అతను ప్రశ్నిస్తాడు. తను చేసిన పనికి కారణాలన్నీ మనిషికి తనకే పూర్తిగా తెలియకపోవచ్చు. అలాంటప్పుడు ప్రతిదానికీ వివరణ ఇవ్వాల్సిందేనని నిలదీయడం అతని మీద అన్యాయమైన భారం కావచ్చు. ఆడిట్ క్వెరీలు రాసే ప్రతి ఒక్కరూ ఈ వ్యాసం చదవాలని నా కోరిక.

ఇబ్బందల్లా భాషతోనే. మెస్నర్ వాదన జుడిత్ బట్లర్ తత్త్వం మీద నిలబడింది. ఆ పేరే వినని అకౌంటెంట్‌కు మొదటి పేజీలు కొరకరాని కొయ్యే. ఇంకో లోటు కూడా ఉంది. ఈ నాలుగింటిలో లెక్క చెప్పేవాళ్ల బాధ తెలిసినంతగా, ఆ లెక్క కోసం ఎదురుచూసేవాళ్ల గొంతు వినబడదు. అయినా 1985 వ్యాసంతో మొదలుపెట్టి వరసగా చదవండి. తిన్నగా మెస్నర్ దగ్గరకు వెళ్తే మధ్యలోనే ఆపేస్తారు.