వెయ్యి డాలర్ల టెక్సాస్ స్కాలర్‌షిప్: ఎంఎస్ మొత్తం వాడి చూశాక

వెయ్యి డాలర్లంటే హైదరాబాద్ నుంచి డాలస్‌కు రానూపోనూ టికెట్టుకు బొటాబొటీ సొమ్ము. అందుకే టెక్సాస్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీ నుంచి ఈ స్కాలర్‌షిప్ మెయిల్ వస్తే ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పక్కనే పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ పది వేల డాలర్ల మెరిట్ అవార్డు ఇచ్చి ఉంటుంది, చుట్టాల ముందు చెప్పుకోవడానికి ఆ పేరూ బాగుంటుంది. డిగ్రీ అయిపోయి లోన్ వాయిదాలు కడుతున్న ఈ దశలో నా లెక్క వేరు. ఆ రెండిట్లో బరువైంది వెయ్యి డాలర్లదే. మొదటి ఏడాది వరకైతే తిరుగులేదు.

దీని వెనకున్నది టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్‌లోని 54.213 సెక్షన్. టెక్సాస్ విద్యార్థులు కూడా పోటీలో ఉన్న స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు వస్తే, విద్యార్థి బయటి రాష్ట్రమైనా బయటి దేశమైనా రెసిడెంట్ ఫీజు, అంటే టెక్సాస్ వాళ్లు కట్టే తక్కువ ఫీజే కట్టే వీలుంది. మనవాళ్లు 'కాంపిటిటివ్ స్కాలర్‌షిప్' అనేది దీన్నే. అంటే చేతికొచ్చే వెయ్యి కొసరు, అసలు సరుకు ఫీజు రేటు మారడం.

బిల్లు తెరిస్తే ఇది ఎక్కడ పనిచేస్తుందో కనిపిస్తుంది. ట్యూషన్‌లో రెండు ముక్కలు. ఒకటి స్టాట్యుటరీ ట్యూషన్. టెక్సాస్ వాళ్లకు ఇది చట్టం ప్రకారం క్రెడిట్‌కు 50 డాలర్లు. బయటివాళ్ల రేటు రాష్ట్ర ఉన్నత విద్యా బోర్డు ఏటా ఖరారు చేస్తుంది. టెక్సాస్ కాకుండా జనాభాలో పెద్దవైన ఐదు రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీలు బయటివాళ్ల దగ్గర తీసుకునే ఫీజుల సగటును బట్టి ఆ రేటు ఉంటుంది కాబట్టి, 50 డాలర్లకూ దానికీ మధ్య చాలా ఎడం. రెండో ముక్క డిజిగ్నేటెడ్ ట్యూషన్, యూనివర్సిటీ తనకు తాను పెట్టుకునేది. వేవర్, అంటే ఈ ఫీజు మినహాయింపు, తగ్గించేది మొదటి ముక్కనే. కొన్ని యూనివర్సిటీలు అంతా కలిపి ఒకే గీతగా చూపిస్తాయి. అప్పుడు ఫీజుల పట్టికలో రెసిడెంట్ కాలమ్, నాన్ రెసిడెంట్ కాలమ్ పక్కపక్కన పెట్టుకుని తేడా తీసుకోవాలి.

తేడా క్రెడిట్‌కు 400 డాలర్లనుకుందాం. మాస్టర్స్‌లో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) విద్యార్థి సాధారణంగా సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు తీసుకోవాలి కాబట్టి 3,600. రెండు సెమిస్టర్లకు 7,200. పైన ఆ వెయ్యి. మొత్తం 8,200. పది వేల కన్నా ఇదీ తక్కువే కదా అంటారు. ఎంత ఇచ్చారన్నది పక్కన పెట్టి, ఇచ్చింది పోగా కట్టాల్సింది ఎంత మిగిలిందో చూడండి. ప్రైవేటులో ఏడాది ట్యూషన్ 50 వేలుంటే అవార్డు పోగా ఇంకా 40 వేలు కట్టాలి. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో అసలు నాన్ రెసిడెంట్ ఫీజే అంత ఉండదు, పైగా వేవర్ తర్వాతి బిల్లు. ఈ రెండు అంకెల మధ్య తేడానే పేరు కోసం మీరు కడుతున్న ధర.

ఆ ధరను రూపాయల్లోకి మార్చి చూడాలి. తేడా మొత్తం కోర్సుకు 20 లక్షలు తేలిందనుకుంటే, 11 శాతం వడ్డీకి పదేళ్ల లోన్ మీద నెలకు దాదాపు 27,500 రూపాయలు. కోర్సు జరిగినన్నాళ్లూ, ఆ తర్వాత కొన్ని నెలలూ సాధారణంగా వాయిదా ఉండదు గాని వడ్డీ ఎక్కుతూనే ఉంటుంది. తాకట్టు లేకుండా నాన్ బ్యాంకింగ్ కంపెనీలో తీసుకుంటే రేటు ఇంకాస్త పైకే పోతుంది. కన్సల్టెన్సీలో కూర్చోబెట్టి చూపించే పట్టికలో ఈ వరస ఉండదు.

ఇక మెచ్చుకోలు కొంచెం వెనక్కి తీసుకోవాలి. వేవర్ తగిలేది ట్యూషన్‌కే. హెల్త్ ఇన్సూరెన్స్, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఫీజు, ఇంజినీరింగ్, బిజినెస్ కోర్సులకు పైన వేసే అదనపు ఫీజు అలాగే ఉంటాయి. మొదటి బిల్లు చూసి 'రెసిడెంట్ రేటు అన్నారు కదా, ఇంతుందేంటి' అని ఫోన్లు వచ్చేది అందుకే. ఇంకోటి, చట్టం యూనివర్సిటీకి వీలిచ్చింది, ఇచ్చి తీరాలని చెప్పలేదు. ఒక సెమిస్టర్‌లో ఇలా వేవర్ పొందేవాళ్ల సంఖ్య, అంతకుముందు ఏడాది అదే సెమిస్టర్‌లో చేరినవాళ్లలో 5 శాతం దాటకూడదన్న పరిమితి కూడా ఉంది. కాబట్టి బయటి ట్రస్టు నుంచో, కుల సంఘం నుంచో వెయ్యి డాలర్లు తెచ్చుకుని 'నాకూ రేటు మార్చండి' అంటే నడవదు. యూనివర్సిటీ అధికారికంగా గుర్తించిన కమిటీ ఎంపిక చేసిన స్కాలర్‌షిప్ అయ్యుండాలి.

అసలు దెబ్బ రెండో ఏడాది తగులుతుంది. టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీతో నా తగువు ఇదే. ఆఫర్ లెటర్‌లో మొత్తం లావు అక్షరాల్లో ఉంటుంది, మొదటి అకడమిక్ ఇయర్‌కు మాత్రమే అన్న మాట కింద పేరాలో మామూలు అక్షరాల్లో ఉంటుంది. 3.0 జీపీఏ నిలబెట్టుకుంటే రెన్యూ అవుతుందనుకుంటాం. జీపీఏ ఉంటే మళ్లీ అప్లై చేసుకునే అర్హత వస్తుంది, అంతే. డిపార్ట్‌మెంట్‌కు ఆ డబ్బు కొత్త అడ్మిట్లను రప్పించుకునే ఎర. చేపలు ఒడ్డున పడ్డాక ఎర ఎవరు వేస్తారు? స్కాలర్‌షిప్ ఏ సెమిస్టర్లకు ఇచ్చారో వేవర్ కూడా వాటికే. వెయ్యి పోతే పోయేది వెయ్యే కాదు, రేటు మొత్తం మారిపోతుంది.

దీనివల్ల లోన్ ఎలా తిరగబడుతుందో ముందే తెలుసుకోవాలి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఉండేది ఏడాది ఖర్చు అంచనా. స్కాలర్‌షిప్ తగ్గించి చూపించిన ఆ అంకెను పట్టుకుని, రెండుతో గుణించి బ్యాంకు లోన్ శాంక్షన్ చేస్తుంది. రెండో ఏడాది ఫాల్ బిల్లు నాన్ రెసిడెంట్ రేటుతో వచ్చేసరికి శాంక్షన్ చాలదు. టాప్ అప్ అడిగితే బ్రాంచిలో కొత్త ఐ-20 గాని, యూనివర్సిటీ బర్సర్ ఆఫీసు (ఫీజులు చూసేది) నుంచి ఫీజు లెటర్ గాని తెమ్మంటారు. కో అప్లికెంట్‌గా ఉన్న నాన్నగారు మళ్లీ బ్రాంచికి వెళ్లి సంతకాలు పెట్టాలి. ప్రాసెసింగ్ వారాలు పడుతుంది, బిల్లు గడువు క్లాసులు మొదలయ్యేనాటికే. కట్టకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. టెక్సాస్‌లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో చేరిన విద్యార్థుల లెక్క తీసే రోజు పన్నెండో క్లాస్ డే. అప్పటికి ఫుల్ టైమ్ క్రెడిట్లలో లేకపోతే తగువు డబ్బుతో ఆగదు, ఎఫ్-1 స్టేటస్ దాకా పోతుంది.

ఇందులోంచి బయటపడే దారి ఉంది. యూనివర్సిటీ ఇన్‌స్టాల్‌మెంట్ ప్లాన్‌లో చేరి మొదటి వాయిదా కట్టేస్తే రిజిస్ట్రేషన్ నిలుస్తుంది. ఆ వాయిదాకు సరిపడా డబ్బు లోన్‌తో సంబంధం లేకుండా మొదటి ఏడాది నుంచే అకౌంట్లో పెట్టుకోవాలి. ఇంటర్నేషనల్ ఆఫీసులో ఖర్చు సరిచేసిన ఐ-20కి, బర్సర్ ఆఫీసులో ఫీజు లెటర్‌కు మే నెలలోనే అడగాలి, ఆగస్టులో ఆ కౌంటర్ల దగ్గర నిలబడ్డానికి చోటుండదు. అసలు మంచి పని, లోన్ మొదట శాంక్షన్ చేయించుకునేటప్పుడే రెండో ఏడాదికి నాన్ రెసిడెంట్ ఫీజు పట్టిక ప్రింట్ తీసి చూపించి ఆ మేరకు అడగడం. లోన్ ఎక్కువ శాంక్షన్ అయినంత మాత్రాన వడ్డీ పడదు, తీసుకున్న సొమ్ము మీదే పడుతుంది.

రేటు మళ్లీ తగ్గించుకునే రెండో తలుపు పక్క సెక్షన్లోనే ఉంది, 54.212. డిగ్రీకి సంబంధించిన పనిలో కనీసం హాఫ్ టైమ్, అంటే వారానికి 20 గంటలు, టీఏ (టీచింగ్ అసిస్టెంట్)గానో ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్)గానో తీసుకుంటే రెసిడెంట్ ఫీజే. ఎఫ్-1 మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో చేయనిచ్చేదీ 20 గంటలే కాబట్టి రెండు హద్దులూ ఒకచోటే కలుస్తాయి. చిక్కు ఏమిటంటే డిపార్ట్‌మెంట్లు చాలాసార్లు పది గంటల గ్రేడర్ (పేపర్లు దిద్దే) పనిగా విడగొట్టి ఇస్తాయి. జీతం వస్తుంది గాని వేవర్ రాదు. డైనింగ్ హాల్లో, లైబ్రరీ కౌంటర్లో ఇరవై గంటలు చేసినా ఫీజు మారదు, ఆ పని డిగ్రీకి సంబంధించింది కాదు కదా. పని అడిగేటప్పుడు 'ఎన్ని గంటలు, ఏ టైటిల్' అన్న రెండు ప్రశ్నలు మెయిల్‌లోనే తేల్చుకోవాలి.

పేరు గురించి నాకు చిన్నచూపేమీ లేదు, అయితే అది పనిచేసే చోట్లు కొన్నే. చదువయ్యాక ఎఫ్-1 మీదే ఉద్యోగం చేయనిచ్చే ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు అయితే ఇంకో 24. ఏ యూనివర్సిటీకైనా ఇదే. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల గడువూ అందరికీ ఒకటే. ఉద్యోగ వీసా హెచ్-1బిలో అమెరికా మాస్టర్స్ వాళ్లకు పెట్టిన 20,000 కోటా కూడా ర్యాంకు చూడదు. యూనివర్సిటీ గుర్తింపు ఉన్న ప్రభుత్వ సంస్థగానో, లాభాపేక్ష లేని సంస్థగానో ఉంటే చాలు. ఉద్యోగ అప్లికేషన్ ఫారంలో 'ఇప్పుడు గాని ముందు ముందు గాని స్పాన్సర్‌షిప్ కావాలా' అన్న పెట్టె దగ్గర ఎంత పెద్ద పేరున్నవాడూ అవుననే టిక్ పెట్టాలి. పేరు నిజంగా పనిచేసేది కంపెనీ వాళ్లు క్యాంపస్‌కు వచ్చే కెరీర్ ఫెయిర్‌లో, సీనియర్ల రిఫరల్స్‌లో, రేపు ఇండియా తిరిగొచ్చాక. బ్రిటన్‌లో హై పొటెన్షియల్ ఇండివిడ్యువల్ వీసా ఉంది, ఏటా ప్రకటించే యూనివర్సిటీల జాబితాలో మీది ఉంటే చేతిలో ఉద్యోగం లేకుండానే అప్లై చేయొచ్చు. పేరు నేరుగా వీసాగా మారేది అలాంటి చోట.

డాలస్ చుట్టుపక్కల విషయంలో ఇంకో మాట. ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కోలలో కంపెనీలు, మనవాళ్లు, షేరింగ్ గదులు అన్నీ దగ్గర్లో ఉండటం ర్యాంకు పట్టికలో కనిపించని సౌకర్యం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. అమెరికా కేంద్ర ప్రభుత్వానికి కట్టే పన్నులో భారతీయ విద్యార్థులకు రెండు దేశాల ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, మిగతా చాలా దేశాలవాళ్లకు లేని వెసులుబాటు ఇది. పన్ను రిటర్న్ ఫారం 1040-ఎన్ఆర్ నింపేటప్పుడు వదిలేయకండి.

ర్యాంకును మన ప్రభుత్వాలే డబ్బుగా మార్చే సందర్భమూ ఉంది, అక్కడ నా వాదన తలకిందులవుతుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన జగనన్న విదేశీ విద్యా దీవెన ప్రపంచ యూనివర్సిటీల క్యూఎస్ ర్యాంకుల జాబితాతో ముడిపడి ఉండేది. ఎస్సీ విద్యార్థులు, మరికొన్ని వర్గాలవారి కోసం కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ క్యూఎస్ టాప్ 500లో ఉన్న సంస్థలకే. అలాంటిది చేతికొచ్చేట్టుంటే వెయ్యి డాలర్ల వేవర్ కోసం ర్యాంకు దిగడం తెలివితక్కువ. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా వస్తుంది గాని రెండు విడతలుగా. మొదటిది అక్కడ దిగినట్టు రుజువు చూపించాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. దాన్ని నమ్ముకుని మొదటి ఫీజు గడువు దాటించకూడదు, ఆ ఫీజుకు వేరే డబ్బు ఉండాల్సిందే.

మొత్తమ్మీద నా తూకం: తాకట్టు పెట్టడానికి ఆస్తి లేక, ఎక్కువ వడ్డీకి లోన్ తీసుకుని, కంప్యూటర్ సైన్స్ లాంటి కోర్సు చేసి ఉద్యోగం చూసుకునేవాడికి ఈ స్కాలర్‌షిప్ మంచిదే, రెండో ఏడాది పూర్తి ఫీజుతో లెక్క వేసుకున్నా బిల్లు మోయగలిగితే. ఆ లెక్క తేలకపోతే ఎంత ఊరించినా వద్దు. నాన్నగారికి పెన్షన్, ఊళ్లో ఇల్లు, తక్కువ వడ్డీ బ్యాంకు లోన్ ఉండి, ఫైనాన్స్‌లోనో కన్సల్టింగ్‌లోనో దిగాలనుకుంటే పేరున్న చోటికి వెళ్లడంలో తప్పేమీ కనపడదు. పీహెచ్‌డీ అయితే ఈ చర్చే అక్కర్లేదు. ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ రెండూ రాని పీహెచ్‌డీకి సొంత డబ్బు పెట్టొద్దు.

మెయిల్ వచ్చినవాళ్లు ఇప్పుడే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు ఈ మూడూ రాసి అడగండి: కాంపిటిటివ్ వేవర్ దీనితో వస్తుందా, ఏ సెమిస్టర్లకు, రెండో ఏడాది రెన్యూవల్‌కు పాత విద్యార్థుల్లో ఎంతమందికి ఇచ్చారు. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే రెండో ఏడాది రానట్టే లెక్క వేసుకోండి. నిర్ణయానికి టైమ్ కావాలంటే, ఆర్థిక సాయంతో వచ్చే ఆఫర్లకు ఏప్రిల్ 15 దాకా జవాబు చెప్పనక్కర్లేదన్న ఒప్పందం మీద చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు సంతకం చేశాయి. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి. ప్రైవేటు వాళ్లు మార్చిలోనే అడిగే డిపాజిట్ తిరిగిస్తారో లేదో కనుక్కోకుండా మాత్రం కట్టకండి.