ట్యాప్ ఉన్న మట్టి కుండ: వాటర్ డిస్పెన్సర్ తీసేశాక మా ఇంటి రివ్యూ

ముందే చెప్పేస్తాను. బెంగళూరులో ఉండి, ఇంటికి కావేరి నీళ్లు వస్తుంటే, చల్లటి నీళ్ల కోసం కరెంటుతో నడిచే వస్తువు ఏదీ అక్కర్లేదు. ట్యాప్ బిగించిన పది లీటర్ల మట్టి కుండ చాలు. మేము పాటరీ టౌన్‌లో 450 రూపాయలకు కొన్నాం, కిందటి వేసవి నుంచి అదే వాడుతున్నాం. కుండల గురించి ఎక్కడ చదివినా ఆరోగ్యం, పూర్వీకులు, అమృతం అనే మాటలే ఉంటాయి కానీ, కొనబోయేవాళ్లకి తెలియాల్సింది ట్యాప్ కారుతుందా, కింద నేల పాడవుతుందా, ఎన్ని నెలలు చల్లగా ఉంచుతుంది, రోజూ ఎవరు నింపాలి అన్నది. అందుకే మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలని కూర్చున్నప్పుడు మేము వస్తువుల ధరలు చూడలేదు. కొన్న తర్వాత కూడా నెలనెలా డబ్బులు అడుగుతున్నవి ఏవో చూశాం. అలా చూస్తే మొదట కనిపించింది వేడినీళ్లు, చన్నీళ్లు రెండూ ఇచ్చే డిస్పెన్సర్. అది రోజంతా ప్లగ్గులోనే ఉంటుంది, ఎవరూ తాగకపోయినా ఒక పక్క నీళ్లు కాస్తుంది, ఇంకో పక్క చల్లబరుస్తుంది, దాని నెత్తిన పెట్టే ఇరవై లీటర్ల క్యాన్‌కి మళ్లీ వేరే డబ్బు. కర్ణాటకలో గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం అంటారు గానీ అందరికీ 200 ఇవ్వరు, 2022-23లో ఆ మీటరు మీద సగటున ఎంత వాడారో చూసి దానికి కొంచెం కలిపి ఇస్తారు. ఆ లెక్క దాటితే దాటినంతకి కట్టాలి, 200 దాటితే మొత్తం బిల్లు మనదే. అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది కాబట్టి మా బాణసవాడి ఇంట్లో ప్రతి యూనిట్టూ లెక్కే. ఇరవై నాలుగు గంటలూ నడిచే వస్తువు ఒకటి తగ్గితే ఆ తేడా బిల్లులో కనిపిస్తుంది, మాకు కనిపించింది.

అయితే తీసేద్దామనుకున్న రోజు మా అత్తమ్మ ఒక మాట అడిగింది. "తీసేయండి, మంచిదే, మరి ఆ కుండ నింపేదెవరు? కడిగేదెవరు?" పొదుపు గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. చాలా ఇళ్లల్లో విలాసం మానేయడం అంటే మగవాళ్లు నిర్ణయం తీసుకోవడం, ఆడవాళ్లు ఆ పని చేతులతో చేయడం. వాషింగ్ మెషీన్ తీసేస్తే కరెంటు మిగులుతుంది నిజమే, కానీ దుప్పట్లు పిండే నడుము ఎవరిది? మిక్సీ, ప్రెషర్ కుక్కర్, వాషింగ్ మెషీన్ నా దృష్టిలో విలాసాలు కావు, ఆ మూడింటి జోలికి మేము వెళ్లలేదు. డిష్ టీవీ, ఓవెన్, డిస్పెన్సర్, హాల్లో ఏసీ, ఇవి పోయాయి. వీటిలో ఏది పోయినా ఎవరికీ అదనంగా గంట పని పడలేదు. కుండ నింపడం మా ఆయన పని. రాత్రి పడుకోబోయే ముందు నింపుతారు, వారానికోసారి కడుగుతారు కూడా. ఈ ఏర్పాటు కుదరని ఇంట్లో కుండ కొనమని నేను చెప్పను.

కొనడం గురించి. పాటరీ టౌన్ బెన్సన్ టౌన్ పక్కన, బెంగళూరు ఈస్ట్ స్టేషన్‌కి దగ్గర. సారె మీద చేసే కుమ్మరి కుటుంబాలు ఇంకా ఉన్నాయి, వినాయక విగ్రహాలూ ప్రమిదలూ ఎక్కువ కనిపిస్తాయి గానీ నీళ్ల కుండలు వేసవి ముందు బాగా వస్తాయి. మేము కొన్న చోట పెద్దావిడ తమిళం కలిసిన తెలుగులో మాట్లాడింది. నేను పూలు వేసిన ఎర్ర రంగు కుండ చూపిస్తే, "ఆయిల్ పెయింట్ వేసింది వద్దమ్మా, అది చూడ్డానికి, నీళ్లకి కాదు" అని తనే పక్కన పెట్టేసింది. ఎక్కువ ధర వచ్చేదాన్ని వద్దని చెప్పిన అమ్మకందారు మీద నాకు గౌరవం కలిగింది. కారణం కూడా సరైనదే, రంగు, వార్నిష్, గ్లేజు ఏది పూసినా మట్టిలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, ఇక ఆ కుండ చల్లబరచదు. వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖంగుమని మోగాలి, మొద్దుగా మోగితే ఎక్కడో పగులు ఉన్నట్టు. కుండలో నీళ్లు పోయించి, ట్యాప్ చుట్టూ కారుతుందేమో చూసి మరీ తీసుకోండి. ప్లాస్టిక్ ట్యాప్ వద్దు, ఇంకో వంద ఇచ్చినా స్టీలు ట్యాప్ పెట్టించుకోండి. ఇంటికి తెచ్చాక ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, మొదట్లో నింపిన నీళ్లు మట్టి వాసన పోయేదాకా మొక్కలకి పోసేయాలి.

చల్లదనం మాటకొస్తే, ఇది ఊరిని బట్టి ఉంటుంది, ఎవరూ చెప్పని సంగతి ఇదే. కుండ గోడలోంచి నీళ్లు కొద్దికొద్దిగా బయటికి ఊరి ఆవిరవుతాయి, ఆవిరవడానికి కావలసిన వేడిని లోపలి నీళ్ల నుంచే లాక్కుంటాయి. ఒక గ్రాము నీరు ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడి పోతుంది, అంటే 58 గ్రాముల నీళ్లు పది డిగ్రీలు చల్లబడేంత. కానీ గాలి పొడిగా ఉంటేనే ఆవిరవుతుంది. బెంగళూరు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది, సముద్రం దూరం, మార్చి ఏప్రిల్ మధ్యాహ్నాలు బాగా పొడిగా ఉంటాయి. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు కొట్టింది, అలాంటి ఎండలో కుండ ఇంకా బాగా పనిచేస్తుంది. చెన్నైలో ఉండే మా పిన్ని కూతురు ఇలాంటిదే కొనుక్కుంది. ఆ ఉక్కపోతలో నీళ్లు కాస్త చల్లబడతాయంతే, గొంతు దిగేటప్పుడు హాయి అనిపించేంత కాదు అంటుంది. ఆమె చెప్పింది నిజం. మాకు కూడా జూన్ దాటి వానలు పట్టాక తేడా తగ్గిపోతుంది, అయితే ఆ నెలల్లో ఎవరికి కావాలి చల్లటి నీళ్లు? కుండని గాలి ఆడే చోట, ఎండ తగలని కిటికీ దగ్గర పెట్టండి, అలమారాలో పెడితే ఉపయోగం లేదు. మా అనంతపురంలో చలివేంద్రాల్లో కుండ చుట్టూ తడి గుడ్డ చుట్టేవాళ్లు కదా, ఆ పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. కుండ నీళ్లని చల్లబరుస్తుంది, శుభ్రం చేయదు. ఇది తెలియకుండా ఆర్వో ఫిల్టర్ తీసేసి కుళాయి నీళ్లు నేరుగా కుండలో పోస్తే రోగాలు రావచ్చు. మేము స్టీలు క్యాండిల్ ఫిల్టర్‌లో వడకట్టి, కాచి చల్లార్చి పోస్తాం. ఆర్వో మానేయొచ్చా అంటే అది మీ ఇంటికి వచ్చే నీళ్లని బట్టి. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు. 500 లోపు ఉన్న చోట్ల ఆర్వో వాడకుండా చూడమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది కూడా. కావేరి నీళ్లు ఆ లెక్కకి చాలా కింద ఉంటాయి. అలాంటి నీళ్లని ఆర్వోలో పోసి, ఒక లీటరు తాగడానికి రెండు మూడు లీటర్లు సింకులో వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. కావేరి నీళ్ల పంపింగ్ కేంద్రం ఉన్న తొరెకాడనహళ్లి నుంచి వంద కిలోమీటర్లు పైపుల్లో పంపు చేసుకుని తెచ్చుకుంటున్న నీళ్లవి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, కార్లు కడిగినా తోటలకి పోసినా 5000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి చెప్పిన రోజులు మరిచిపోలేం.

కానీ బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో తాగేవాళ్లు దయచేసి ఆర్వో తీసేయకండి. టీడీఎస్ కొలిచే పెన్ను కొన్ని వందలకే వస్తుంది, ముందు అది కొనండి. టీడీఎస్ తక్కువగా చూపించినా క్రిములు లేవని కాదు, కాచడం మాత్రం మానొద్దు. కాచడానికి గ్యాస్ ఖర్చు ఉంది, దాన్ని లెక్కలో కలపకుండా "కుండకి ఖర్చే లేదు" అనడం తప్పు. కలిపినా మాకు క్యాన్ల ఖర్చు కంటే, ఆర్వో ఏడాది కాంట్రాక్టు కంటే తక్కువే అవుతోంది.

ఇక చిక్కులు. ట్యాప్ దగ్గర కొన్నాళ్లకి చెమ్మ మొదలైంది, వాషర్ మార్చి బిగిస్తే ఆగింది. గట్టిగా తిప్పితే కుండే పగులుతుంది, పిల్లలకి ఇది నేర్పాలి. కుండ ఎప్పుడూ చెమరుస్తూనే ఉంటుంది, కింద పళ్లెం తప్పదు, ఆ పళ్లెంలో నిలిచిన నీళ్లని రోజూ పారబోయకపోతే డెంగీ దోమకి అంతకంటే మంచి చోటు ఉండదు. మూత కూడా బిగుతుగా ఉండాలి. కొన్ని నెలలకి బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, దాంతో రంధ్రాలు పూడి చల్లదనం తగ్గుతుంది. కొబ్బరి పీచుతో రుద్దండి, సబ్బు మాత్రం తగలనివ్వొద్దు, మట్టి సబ్బుని పీల్చుకుని నీళ్లకి ఆ వాసన పట్టిస్తుంది. తర్వాత ఒక పూట ఎండలో పెట్టాలి, ఆ పూటకి వేరే గిన్నెలో నీళ్లు పెట్టుకోండి. ఎంత చేసినా ఒక వేసవి, మహా అయితే రెండు, తర్వాత కొత్తది తెచ్చుకోవాల్సిందే. నాకది ఫిర్యాదు కాదు, పాతది పగలగొట్టి మొక్కల కుండీల అడుగున వేసుకోవచ్చు, కొత్తదాని డబ్బు కుమ్మరి చేతికి వెళ్తుంది.

ఐసు కావాలనేవాళ్లకి ఇది సరిపోదు. ఎండన పడి వచ్చిన చుట్టాలు ఫ్రిజ్ నీళ్లు అడిగితే ఒక సీసా ఉంచుతాం, వాళ్ల మీద మన పొదుపు రుద్దకూడదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే కుండని నేల మీద పెట్టొద్దు, నడుము ఎత్తున ఇనుప స్టాండ్ కొనండి, నిండిన పది లీటర్ల కుండ బరువు ఆగేది చూసుకోండి. మేము ముందు పెట్టిన తేలిక స్టాండ్ ఊగుతుంటే మార్చేశాం, స్టాండ్‌కి కుండ కంటే ఎక్కువే అయింది.

కొనాలనుకుంటే ఉగాదికి ముందే వెళ్లండి. ఏప్రిల్ వచ్చేసరికి మంచివన్నీ అయిపోయి రంగులు వేసినవే మిగులుతాయి, వినాయక చవితి ముందు నెలల్లో వెళ్తే అందరూ విగ్రహాల పనిలో ఉంటారు. ఆటోలో ఇంటికి తెచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకోండి, కాళ్ల దగ్గర పెడితే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే ట్యాప్ కదులుతుంది.