బంతికి హార్నెస్ అలవాటు చేసిన రెండున్నరేళ్లు: ఏది పనికొచ్చింది, ఏది మూలన పడింది

మా బంతి సన్ కన్యూర్, చిలుక జాతి పక్షి. వయసు మూడేళ్లు దాటింది, బరువు 112 గ్రాములు. పసుపు, నారింజ కలిసిన ఆ రంగు చూసి మా అత్తమ్మ బంతి అని పిలవడం మొదలుపెట్టారు, అదే పేరైపోయింది. మేముండేది సఫిల్‌గూడలో, మూడో అంతస్తు. బంతికి రెక్కలు కత్తిరించలేదు, కత్తిరించను కూడా. రెక్కలున్న పక్షిని బయటికి తీసుకెళ్లాలంటే పంజరంలోనైనా పెట్టాలి, హార్నెస్ అయినా వేయాలి, అంటే ఒంటికి తొడిగే పట్టీలు, వాటికి మనం పట్టుకునే తాడు. ఈ రెండున్నరేళ్లలో రెండు హార్నెస్‌లు, రెట్ట కింద పడకుండా ఒంటికి తొడిగే సూట్ ఒకటి వాడాను. ఇప్పుడు వాడుతున్నది ఒక్కటే.

కొనేముందు మీకు ఇది నిజంగా అవసరమా అని చూసుకోండి. ఎండ కోసమే అయితే బాల్కనీకి పావురాల వల ఉన్నవాళ్లకు అక్కర్లేదు. కిటికీ అద్దం దాటి వచ్చే వెలుతురులో విటమిన్ డి తయారవడానికి కావాల్సిన కిరణాలు దాదాపుగా ఉండవు, కాబట్టి పక్షికి నేరుగా తగిలే ఎండ కావాలి. అది వల కట్టిన బాల్కనీలో పొద్దున్న ఇరవై నిమిషాలు, మీరు పక్కనే కూర్చుంటే, దొరుకుతుంది. వల నైలాన్‌ది కాబట్టి కొరికేస్తుంది, ఒంటరిగా మాత్రం వదలకండి. మాకు హార్నెస్ అవసరం పడింది వేరే కారణానికి. నెలకోసారి వరంగల్ వెళ్తాం, బంతి మాతోనే వస్తుంది. అక్కడ ఇంటికి వాకిలి ఉంది, వేపచెట్టు ఉంది, మనుషులంతా వాకిట్లోనే ఉంటారు. దాన్నొక్కదాన్నే లోపల పంజరంలో పెట్టి మేం బయట కూర్చోవడం నాకు మనసొప్పలేదు.

మొదటి హార్నెస్ ఆన్‌లైన్‌లో నాలుగొందల యాభైకి తెప్పించాను. ప్లాస్టిక్ బకిల్ ఉన్న రకం. డబ్బా వచ్చిన రోజు సాయంత్రమే వేసేశాను. మా ఆయన టవల్‌తో పట్టుకున్నారు, నేను పట్టీలు బిగించాను. ఐదు నిమిషాల పని. బంతి అరిచిన అరుపు పక్క ఫ్లాట్‌లోకి వినిపించింది. వదలగానే నేల మీద వెల్లకిలా పడి కాళ్లతో పట్టీని గీకడం మొదలుపెట్టింది.

"దానికి ఊపిరాడ్తలేదు బిడ్డా, ముందు అది తీసెయ్" అన్నారు అత్తమ్మ.

తీసేశాను. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు బంతి నా చేతి మీదికి రాలేదు. హార్నెస్ సంగతి అటుంచండి, నా చేతిలో నల్లగా ఏది కనిపించినా, రిమోట్ అయినా సరే, పంజరం వెనక మూలకి పోయేది. అంతకుముందు రోజూ నా భుజం మీదే నిద్రపోయే పక్షి అది. ఆ మూడు వారాలు నేను పడ్డ బాధ ఇంత అంత కాదు.

పక్షులు చూసే డాక్టర్ దగ్గరికి వేరే పని మీద వెళ్లినప్పుడు ఈ విషయం చెప్పాను. ఆయన చెప్పింది విన్నాక అత్తమ్మ మాట ఎంత నిజమో అర్థమైంది. మనకు పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే విభాజక పటలం పక్షులకు ఉండదట. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. టవల్‌లో ఛాతీ మీద నొక్కి పట్టుకున్నా, పట్టీ బిగించినా ఆ ఎముక కదలదు. ముక్కు, నోరు తెరుచుకుని ఉన్నా ఊపిరి అందదు. అంటే ఆ రోజు బంతి మొండితనంతో అరవలేదు. అలాగే మెడ కింద మేత నిలిచే సంచి ఉంటుంది, కడుపు నిండా తిన్నాక హార్నెస్ వేస్తే దాని మీద ఒత్తిడి పడి తిన్నది కక్కుకునే ప్రమాదం ఉంది. అప్పటినుంచి మేత పెట్టకముందే వేస్తాను.

ఇక మళ్లీ మొదటి నుంచి. ఈసారి హార్నెస్‌ను అసలు బయటికి తీయలేదు.

చిలుకకు కష్టమైంది పొట్ట పట్టీ కాదు, రెక్కల పట్టీ కూడా కాదు. తలను ఒక వలయంలోంచి దూర్చుకోవడం. తల మీదుగా ఏదైనా వస్తోందంటే వాటి లెక్కలో అది గద్దే. కాబట్టి వలయం దాని మీదికి రాకూడదు, అదే వలయంలోకి రావాలి. దీనికి ఏం వాడాలా అని వెతుకుతుంటే అత్తమ్మ తన పాత ప్లాస్టిక్ గాజు తెచ్చి ఇచ్చారు. రెండు పది సైజు. మా శిక్షణ అంతా గాజులతోనే నడిచింది. మీరు కూడా గాజులే వాడండి, కానీ సాదా ప్లాస్టిక్‌వి తీసుకోండి. మెరుపు పూత, చమ్కీలు, లోహం ఉన్నవి వద్దు. కొరికితే సీసం, జింకు లాంటివి కడుపులోకి పోతాయి, చిలుకలకు అవి విషం. మట్టి గాజులు పగులుతాయి కాబట్టి అవీ వద్దు.

మొదటి మూడు రోజులు గాజును బల్ల మీద, రెండడుగుల దూరంలో పెట్టాను, అంతే. బంతి దాని వైపు చూస్తే "శభాష్" అని ఒక పొద్దుతిరుగుడు గింజ. ఆ గింజలు మామూలు మేతలోంచి పూర్తిగా తీసేశాను, శిక్షణలో తప్ప దొరకవు. మేత మాత్రం తగ్గించలేదు. పక్షిని ఆకలితో ఉంచి నేర్పించమని చెప్పేవాళ్లున్నారు, 112 గ్రాముల ప్రాణంతో ఆ పని చేయకండి. వంటింటి డిజిటల్ తూకం మీద రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకునేదాన్ని.

తర్వాత గాజును చేత్తో పట్టుకుని, గింజను అవతలి వైపు ఉంచాను. మొదట ముక్కు కొస వచ్చింది. తర్వాత కళ్ల దాకా. కళ్ల దగ్గర చాలా రోజులు ఆగిపోయింది. గాజు అంచు కంటి పక్కకు రాగానే వెనక్కి తీసేది. తీసుకోనిచ్చాను. వెనక్కి తీసుకున్న ప్రతిసారీ మనం చేయి ముందుకు జరిపితే పని చెడిపోతుంది, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలు. ఇంకా చేయాలని దానికి ఉండగానే ఆపేసేదాన్ని.

ఇరవై మూడో రోజు పొద్దున్న, ఆఫీసుకి టైమవుతోందని టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఒక చేత్తో గాజు పట్టుకున్నాను. బంతి కుర్చీ వీపు మీద నుంచి దిగి, రెండడుగులు పక్కకి నడిచింది. గాజు దగ్గర ఆగి నా మొహం వైపు చూసింది. తల ఈకలు ఒంటికి అతుక్కుపోయాయి, కంటిపాప చిన్నదై మళ్లీ పెద్దదైంది. ఒక్కసారి మెడ సాచి తల మొత్తం దూర్చేసింది. అవతల గింజ లేదు, నేను పెట్టడం మర్చిపోయాను. అయినా గాజు మెడలో వేసుకుని అలాగే నిలబడింది. వంటింట్లోంచి అత్తమ్మ "బంతి గాజేస్కున్నది" అని కేక వేశారు. నేను ఆ రోజు ఆఫీసుకి లేటుగా వెళ్లాను.

అక్కడి నుంచి రెండు ఆరు, ఆ తర్వాత మా మేనకోడలి చిన్నప్పటి గాజు, ఒకటి ఎనిమిది సైజు. చివరికి ఆ చిన్న గాజుకు హార్నెస్ పట్టీ లాంటి మెత్తని రిబ్బన్ చుట్టాను, మెడకు గుడ్డ తగలడం అలవాటవ్వాలని. అది కూడా అయ్యాకే అసలు హార్నెస్ బయటికి తీశాను. ఈసారి వేరే రకం: బకిల్ లేకుండా ఒకే ముక్కగా కుట్టినది, సాగే ఎలాస్టిక్ తాడుతో వచ్చేది, పక్షి బరువును బట్టి సైజు ఎంచుకునేది. బయటి దేశం సరుకు, చేతికి వచ్చేసరికి నాలుగు వేలు దాటింది. ఖరీదు ఎక్కువే, కాదనను.

పాత నాలుగొందల యాభై రూపాయల దాన్ని పారేయకుండా ఒకసారి బల్ల మీద ఉంచి చూశాను. ఇరవై నిమిషాల్లో బంతి బకిల్ పన్ను విరగ్గొట్టింది. ఇంకో పదిహేను నిమిషాల్లో కుట్టు దారం లాగేసింది. ఇది వేసి నేను పార్కుకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే గుండె దడదడలాడింది. చిలుక ముక్కు ముందు ప్లాస్టిక్ బకిల్ నిలవదు. మీరు ఎంత తక్కువలో కొన్నా సరే, బకిల్ ఉన్నది మాత్రం కొనకండి. కాలికి గొలుసు కట్టే పద్ధతిని అసలు తలపెట్టొద్దు, ఎగిరి ఆగినప్పుడు కాలు విరగొచ్చు.

మెడ దాటాక రెక్కలకు మరో ఐదు వారాలు పట్టింది. రెక్కను మెల్లగా పైకెత్తితే గింజ, వేలు రెక్క కిందికి పోతే గింజ, పట్టీ తగిలితే గింజ. ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఓపిక ఒక్కటే. బిగింపు విషయం మాత్రం చూసుకోండి. ఛాతీ పట్టీ కింద పెన్సిల్ సులువుగా దూరాలి, దాని ముక్కు దూరకూడదు. వేశాక ఇంట్లోనే చేతి మీద కూర్చోబెట్టి చేయి కొంచెం కిందికి దించితే రెక్కలు ఆడిస్తుంది, అప్పుడు పట్టీ ఈకల మీద కాకుండా ఈకల కింద కూర్చుందో లేదో తెలుస్తుంది.

ఇక సూట్. దీని గురించి ఎక్కువ మంది అడుగుతారు, ఎందుకంటే సోఫా మీద రెట్టలు పడవని ఆశ. లైక్రా గుడ్డ, వీపు మీద వెల్క్రో, తోక కింద రెట్ట పడే చిన్న సంచి, అందులో మార్చుకునే పొర. గాజుల శిక్షణ వల్ల తొడుక్కోవడానికి బంతి పెద్దగా గొడవ చేయలేదు. గొడవంతా తర్వాతే. కన్యూర్లు పావుగంటకో ఇరవై నిమిషాలకో రెట్ట వేస్తాయి. రెండు గంటల్లో సంచి నిండి తోక కింద ఈకలకు అంటుకునేది, కడిగి ఆరబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. వెల్క్రో అంచుకు వీపు ఈకలు పట్టుకుని రెండు మూడు ఊడిపోయాయి. అన్నిటికంటే ముఖ్యం, వేసవి. పక్షులకు చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి ఒళ్లు చల్లబరుచుకుంటాయి. ఏప్రిల్‌లో ఫ్యాన్ కిందే, సూట్‌లో ఉండగా బంతి అలా రొప్పింది. ఆ రోజు తీసి మడతపెట్టి అల్మారాలో పెట్టాను, మళ్లీ తీయలేదు. చల్లటి ఊళ్లలో ఉండేవాళ్లకు గంటా రెండు గంటలకు పనికొస్తుందేమో, మన హైదరాబాద్‌కి నేను చెప్పను. దానికి బదులు పొద్దున్న పంజరంలోంచి తీయగానే న్యూస్‌పేపర్ మీద పట్టుకుని, రెట్ట వేశాక "శభాష్" అనడం మొదలుపెట్టాను. నెలన్నరలో చాలావరకు పేపర్ మీదే వేయడం నేర్చుకుంది. అక్కడికి తీసుకెళ్లేదాకా బిగబట్టుకునేంత కచ్చితంగా మాత్రం నేర్పకండి, అది ఆరోగ్యానికి మంచిది కాదు.

హార్నెస్ విలువ తెలిసింది పోయిన ఏడాది బోనాలప్పుడు. సాయంత్రం కాలనీ పార్కులో బెంచీ మీద కూర్చున్నాను, బంతి భుజం మీద ఉంది. వెనక సందులోంచి ఊరేగింపు మలుపు తిరిగి ఒక్కసారిగా డప్పులు మోగాయి. బంతి భుజం మీద నుంచి ఎలా లేచిందో కూడా చూడలేదు, మణికట్టుకు చుట్టుకున్న తాడు బిగిసినట్టు అనిపించింది. ఎలాస్టిక్ సాగింది, సాగుతూనే దాని వేగం తగ్గింది. గాలిలో సగం చుట్టు తిరిగి వచ్చి నా వీపు మీద, చున్నీ పట్టుకుని వేలాడింది. దాని గుండె కొట్టుకోవడం నా వీపుకి తెలుస్తోంది. ఎక్కడా దెబ్బ లేదు, ఈక కూడా ఊడలేదు. మామూలు గట్టి తాడు అయి ఉంటే చివర్లో కుదుపు తగిలేది. తాడే లేకపోతే బంతి ఈ రోజు మా ఇంట్లో ఉండేది కాదు. భయపడిన చిలుక ఎటు ఎగిరిందో దానికే తెలియదు, తిరిగి వచ్చే దారి తెలియడం ఆ తర్వాతి మాట.

హార్నెస్ ఉంది కదా అని ధీమా మాత్రం వద్దు. మా పక్కనే చెరువు కాబట్టి గద్దలు ఎప్పుడూ తిరుగుతుంటాయి, చెట్టు కిందే కూర్చుంటాను. తాడును రెయిలింగ్‌కో బెంచీకో కట్టి వదలను. సంక్రాంతికి ముందు వెనక కలిపి నెల రోజులు బయటికే తీయను. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా చెట్లకు వేలాడుతూ కనిపిస్తూనే ఉంది. మార్చి చివరి నుంచి పొద్దున్న ఏడున్నర లోపే.

పార్కులో ఎవరో ఒకరు "మేము కూడా మా రామచిలుకకి ఇది వేయొచ్చా" అని అడుగుతారు. మన రామచిలుకలను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఈ సంగతి చాలామందికి తెలియదు. అడిగినవాళ్లకి నెమ్మదిగా చెప్తాను. సన్ కన్యూర్ దక్షిణ అమెరికా పక్షి, దాన్ని పెంచుకోవచ్చు. కానీ వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ జాబితాలో ఉంది కాబట్టి 2024 నియమాల కింద కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మేము చేయించాం. కొనేటప్పుడు బిల్లు అడిగి తీసుకోండి, అక్కడ పనికొస్తుంది.

ఈ ఏడాది ఒక విషయం కొత్తగా నేర్చుకున్నాను. ఈకలు రాల్చే కాలంలో కొత్త ఈకలు రక్తంతో నిండి గొట్టాల్లా మొలుస్తాయి, వాటికి పట్టీ తగిలితే నొప్పి. అందుకని రెండు నెలలు హార్నెస్ ఆపేశాను. మళ్లీ తీసేసరికి బంతి మెడ దగ్గర ఆగిపోయింది, మొదట్లో ఆగినట్టే. నేను ముందుకు జరపలేదు. అల్మారాలోంచి రెండు పది గాజు తీశాను. ఈసారి ఇరవై మూడు రోజులు పట్టలేదు, నాలుగో రోజుకే దూర్చేసింది. గాజు ఇప్పుడు దాని ఆటబొమ్మల బుట్టలోనే ఉంటుంది, వారానికి రెండుసార్లయినా అదే ముక్కుతో పట్టుకుని తెచ్చి నా చేతిలో పడేస్తుంది.