సైన్యం కట్టాలి, హీరోనీ పెంచాలి: హీరోస్ 3, కింగ్స్ బౌంటీ, వార్‌క్రాఫ్ట్ 3, బ్యానర్‌లార్డ్... ఏది మేలు?

స్ట్రాటజీ గేమ్ కావాలి, కానీ ఊరూ పేరూ లేని సైనికుల్ని గంపగుత్తగా తోలుకుంటూ పోవడం బోర్, ముందు ఒక హీరో ఉండాలి, వాడికి లెవెల్స్ రావాలి, కత్తులూ కవచాలూ దొరకాలి, వెనకున్న సైన్యం కూడా మనం ఏరికోరి కట్టుకున్నదే అయ్యుండాలి. ఇలా వెతికేవాళ్ళకి పేర్లకేం కరువు లేదు, కాకపోతే ఆడి చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. అందుకే నేను ఒక్కటే చూస్తా: ఒక ఫైట్‌లో సగం సైన్యం తుడిచిపెట్టుకుపోయింది అనుకోండి, ఆ దెబ్బ ఎంతకాలం నొప్పెడుతుంది? హీరోనే పడిపోతే పరిస్థితేంటి? దీనికి వచ్చే జవాబుని బట్టి ఆ గేమ్ మీకు పడుతుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 తో మొదలుపెడదాం, 1999 నాటి గేమ్, ఇప్పటికీ జనం వదల్లేదు. ఇందులో హీరో యుద్ధంలో చేత్తో ఒక్కడిని కూడా కొట్టడు, గుర్రమెక్కి ఓ పక్కన నిలబడి రౌండుకి ఒక స్పెల్ (మంత్రం) వేస్తాడు అంతే. కానీ వాడి ఎటాక్, డిఫెన్స్ నంబర్లు సైన్యం మొత్తానికీ కలుస్తాయి కాబట్టి కొత్త హీరో కింద బిక్కుబిక్కుమనే అవే దళాలు ముదిరిన హీరో కింద వీరంగం ఆడతాయి. సైన్యానికి ఏడు స్లాట్లు (దళాలు పెట్టుకునే గళ్ళు), కొత్త మూక టౌన్లలో ప్రతి వారం మొదటి రోజునే, అదే సోమవారం అనుకోండి, పుడుతుంది. అంటే ఏడో రోజు సైన్యం పోగొట్టుకుంటే తెల్లారేసరికి మళ్ళీ కొనుక్కోవచ్చు, అదే సోమవారమే అందర్నీ కొనేసి మంగళవారం పోగొట్టుకున్నారా, మిగతా వారమంతా కోటలో తలుపులేసుకుని కూర్చోవడమే. హీరో ఓడిపోయేలా ఉంటే పారిపోవచ్చు, సైన్యం పోతుంది గానీ వాడూ వాడి సామాన్లూ మిగిలి మళ్ళీ టావెర్న్‌లో (హీరోల్ని కిరాయికి తీసుకునే సత్రంలో) తేలతాడు, లేదా బంగారం కట్టి లొంగిపోతే సైన్యం కూడా దక్కుతుంది. ఇంకో విషయం, బాగా ఆడేవాళ్ళు ఒక్క హీరోతో ఆడరు, నలుగురైదుగురు చిన్న హీరోల్ని దారి పొడుగునా నిలబెట్టి సైన్యాన్ని చేతులు మారుస్తూ ఒక్క రోజులోనే మ్యాప్ అవతలికి చేర్చేస్తారు, ఇది ఒకసారి అలవాటైతే ఇంకోలా ఆడలేం. నెక్రొపోలిస్ (చచ్చినవాళ్ళ సైన్యం ఉన్న పక్షం) తీసుకుంటే చచ్చిన శత్రువుల్లో కొందరు అస్థిపంజరాలై మన వైపే లేస్తారు, అందుకే ఫ్రెండ్స్‌తో ఆడేటప్పుడు అది తీసుకున్నోడితో గొడవ ఖాయం. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త, 2015 లో వచ్చిన హెచ్‌డీ ఎడిషన్‌లో ఎక్స్‌పాన్షన్లు (తర్వాత వచ్చిన అదనపు భాగాలు) లేవు, కంప్లీట్ ఎడిషన్ తీసుకోండి.

కింగ్స్ బౌంటీ: ద లెజెండ్ 2008 ది. నిజానికి 1990 నాటి పాత కింగ్స్ బౌంటీ నుంచే హీరోస్ సిరీస్ పుట్టింది కాబట్టి రెంటినీ పక్కపక్కన పెడితే ముఖాలు ఒకేలా ఉంటాయి, అదే గళ్ళ మైదానం, అవే గుంపులు. స్వభావం మాత్రం వేరు. ఇక్కడ కట్టడానికి కోట లేదు, వారం వారం పుట్టే మూక లేదు, ప్రత్యర్థి హీరో మన ఊరి మీద పడతాడన్న భయం లేదు. మీరు ఒక్కరే, వారియరో (యోధుడు) పాలడినో (ధర్మయోధుడు) మేజో (మాంత్రికుడు), ఊళ్ళు తిరుగుతూ దొరికినచోట సైనికుల్ని కొనుక్కుంటారు, ఎంతమందిని వెంటేసుకోగలరో లీడర్‌షిప్ నంబర్ తేలుస్తుంది. స్లాట్లు ఐదే. అసలు మెలిక ఏంటంటే చంపిన శత్రువులు మళ్ళీ పుట్టరు, కొన్ని రకాల సైనికులు కూడా దుకాణంలో ఉన్నంతవరకే, కాబట్టి ఇక్కడ సైన్యం పోతే వచ్చే సోమవారం అంటూ ఏమీ లేదు, పోయిందంటే పోయినట్టే, అందుకే అందరూ ఒక్కడు కూడా చావకుండా గెలవాలని సేవ్ లోడ్, సేవ్ లోడ్ చేస్తూ కూర్చుంటారు (నేనూ అంతే, సిగ్గేం లేదు). ఆర్పీజీ (ఒక పాత్రలో దూరి కథ నడిపే ఆట) రుచి మాత్రం దీనికే ఎక్కువ, క్వెస్టులు, మాటలు, పెట్టెలోంచి వచ్చే ఆత్మలు, పెళ్ళి కూడా ఉంది, భార్య వల్ల సామాన్లు పెట్టుకునే ఐటెమ్ స్లాట్లు వస్తాయి, పిల్లలు పుడితే వాళ్ళు వాటిలో ఒక్కో స్లాట్ ఆక్రమించేస్తారు, జాంబీ పెళ్ళికూతురు కూడా ఉంది!

వార్‌క్రాఫ్ట్ 3 రియల్ టైమ్, ఆలోచించుకునేలోపే కథ అయిపోతుంది. హీరో పదో లెవెల్ దాకా వెళ్తాడు, ఆరులో పెద్ద స్పెల్ వస్తుంది, చచ్చినా ఆల్టర్‌లో (హీరోలు పుట్టే కట్టడంలో) డబ్బు కట్టి లేపుకోవచ్చు. నాకు నచ్చేది అప్‌కీప్ (సైన్యం పోషణ ఖర్చు), సైన్యం 50 ఫుడ్ (సైన్యం సైజుని కొలిచే లెక్క) దాటగానే పనివాడు గని నుంచి ట్రిప్పుకి తెచ్చే 10 బంగారం కాస్తా 7 అవుతుంది, 80 దాటితే 4, అంటే పెద్ద మంద కట్టేవాడికి గేమే చెయ్యి అడ్డం పెడుతుంది, చిన్న సైన్యం పెట్టుకుని హీరోని మేపమంటుంది. క్యాంపెయిన్ (ఒంటరిగా ఆడే కథ) అద్భుతం. ఆన్‌లైన్ అయితే మాత్రం వేళ్ళు చురుగ్గా లేకపోతే పది నిమిషాల్లో ఇంటికే.

బ్యానర్‌లార్డ్‌ది ఇంకో లోకం. 2020 లో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తికాకముందే అమ్మకానికి) వచ్చి 2022 లో పూర్తయింది. హీరో అంటే మీరే, గుర్రం మీద ఈటె పట్టుకుని గుంపు మధ్యలో ఉంటారు, మీరు కిందపడ్డా వెనక మీవాళ్ళు కొట్లాట కొనసాగిస్తారు. పల్లెల్లో తెచ్చుకున్న కుర్రాళ్ళు ఫైట్ ఫైట్‌కీ ముదిరి నైట్లవుతారు, అందుకే వాళ్ళు పోతే మనసుకి తగులుతుంది. మధ్యలో గేమ్ కాస్త సాగుతుంది, ఒకే కోటని మూడోసారి ముట్టడించేటప్పుడు ఎందుకొచ్చిన గోలరా అనిపిస్తుంది, కానీ గుర్రాల దండుతో పక్కనుంచి విరుచుకుపడే ఆ పది సెకన్ల కోసం మళ్ళీ ఓపెన్ చేస్తాం.

కొత్తవాటిలో 2024 లో పూర్తిగా వచ్చిన సాంగ్స్ ఆఫ్ కాంక్వెస్ట్ చూడండి, హీరోస్ 3 పోలికే, కానీ మేజిక్ శక్తి సైనికుల నుంచే పుడుతుంది కాబట్టి ఎవర్ని పెట్టుకున్నామన్నదే ఏ స్పెల్ వెయ్యగలమో తేలుస్తుంది, తెలివైన ఆలోచన.

నన్నడిగితే హీరోనే ప్రాణం అనుకునేవాళ్ళు కింగ్స్ బౌంటీ, సైన్యం లెక్కలంటే సరదా ఉన్నవాళ్ళు హీరోస్ 3. కింగ్స్ బౌంటీ మొదటిసారి ఆడేవాళ్ళు మాత్రం మేజ్ జోలికి పోకండి, మూడు క్లాసుల్లో లీడర్‌షిప్ వాడికే తక్కువ, మొదట్లో పిడికెడు మందితో నెట్టుకురావాలి, వారియర్‌తో ఒక రౌండ్ పూర్తిచేశాక మేజ్ తీసుకుంటే అప్పుడు మజా.